కుంగిన పికప్‌కు ఒక్క పట్టీతో వైద్యమా?

ఖాళీగా వున్నా వెనక వాలుతున్న పాత బళ్లు - రోగం తెలుసుకోకుండా అదనపు పట్టీ వేయిస్తే అసలుకే మోసం - కమాన్ కట్టల మరమ్మతులో రైతులు తెలుసుకోవలసిన సంగతులు

విజయవాడ: ఆటోనగర్‌లో కమాన్ కట్టల దుకాణాల ముందు పొద్దు పొడిచేసరికే బళ్లు వచ్చి నిలబడతాయి. లారీల పక్కన పల్లెల నుంచి వచ్చిన పికప్ వ్యాన్లు కూడా వుంటాయి. వాటిలో చాలావాటిది ఒకటే వాలకం. ముక్కు పైకెత్తి, వెనక భాగం నేలవైపు దించి, తొట్టిలో గింజ లేకపోయినా ఏదో మోయలేని బరువు మోస్తున్నట్టు కనిపిస్తాయి.

గుంటూరు వైపు నుంచి వచ్చిన ఒక మిర్చి రైతు బండి కూడా అలాంటిదే. పదిహేనేళ్ల కిందటి పికప్. నాలుగు టిక్కీలు ఎక్కువ పడితే చాలు, వెనక టైరు మడ్‌గార్డుకు రాసుకుని రబ్బరు కాలిన వాసన వస్తోంది. గుంటలో పడినప్పుడు కింద దడాలుమని ఇనుము కొట్టుకుంటోంది. రాత్రి పూట ఎదురొచ్చే బళ్లవాళ్లు లైటు కళ్లలో కొడుతోందని తిడుతున్నారు.

"మేస్త్రీ, చెరొక పట్టీ వేసి పంపించెయ్యవయ్యా. రేపు యార్డుకు కాయ తోలాలి" అన్నాడు రైతు, బండి దిగుతూనే.

"పట్టీ వెయ్యడం ఎంతసేపు బాబాయ్! అసలు ఎందుకు కుంగిందో చూడనివ్వు ముందు" అన్నాడు మేస్త్రీ, టేపు తీసుకుని.

ఆ చూడడంలోనే వుంది అసలు విషయం. పాత బండి వెనక కుంగితే మన పల్లెల్లో తోచే మందు ఒక్కటే, అదనపు పట్టీ. అయితే కుంగడం అన్నది జ్వరం లాంటిది. జ్వరం రోగం కాదు, రోగం వున్నదని చెప్పే గుర్తు. ఆ రోగం ఏదో తెలియకుండా పట్టీ వేయిస్తే బండి పైకి లేస్తుంది, రోగం మాత్రం కిందనే వుండిపోతుంది.

కావడి బద్దే కమాను కట్ట

కమాన్ అంటే పారసీ భాషలో విల్లు. విల్లులా వంచిన ఉక్కు పట్టీలను పొడుగు నుంచి పొట్టి వరకు వరుసగా పేర్చి, నడుమ ఒక బోల్టుతో బిగించి కట్టగా చేస్తారు. మోటారు బళ్లు రాకముందే గుర్రపు బళ్లకు ఈ ఏర్పాటు వుంది. ఇంగ్లండులో ఒబాదయా ఎలియట్ అనే ఆయన 1804లో గుర్రపు బళ్లకు ఇలాంటి కమానులు అమర్చే పద్ధతికి పేటెంటు పొందాడు. మన జట్కా బళ్ల కింద వుండేవి కూడా ఈ కమానులే.

ఇది ఎలా పనిచేస్తుందో తెలియాలంటే కావడి బద్దను తలుచుకుంటే చాలు. కావడి బద్ద నడుమ లావుగా, చివరలు సన్నగా వుంటుంది. బరువు పడినప్పుడు వంపు ఒత్తిడంతా భుజం మీద ఆనే నడుమ భాగం మీదనే ఎక్కువ కాబట్టి అక్కడ లావు కావాలి. కమాను కట్ట కూడా అంతే. నడుమ అన్ని పట్టీలూ కలిసి మందంగా వుంటాయి, చివరలకు వచ్చేసరికి ఒకటి రెండు పట్టీలే మిగులుతాయి. కావడికి భుజం వున్నచోట కట్టకు ఇరుసు వుంటుంది. కుండలు వేలాడేచోట చాసిస్ కూర్చుంటుంది.

అన్నింటికన్నా పొడవైన పట్టీని మెయిన్ పట్టీ అంటారు. దాని రెండు చివరలను గుండ్రంగా చుట్టి బుష్‌లు అమరుస్తారు. ఒక చివర చాసిస్‌కు పిన్నుతో బిగించి వుంటుంది. రెండో చివర షాకిల్ అనే లంకె మీద ఊగుతూ వుంటుంది. బరువు పడి విల్లు చదునైనప్పుడు దాని పొడవు కాస్త పెరుగుతుంది కదా, ఆ పెరిగిన పొడవుకు చోటివ్వడానికే ఈ లంకె. కట్టను ఇరుసుకు పట్టి వుంచేవి యు-బోల్టులు.

బరువు తీయగానే విల్లు మళ్లీ తన వంపుకు రావాలి. ఉక్కుకు ఒక హద్దు వుంది. ఆ హద్దు లోపల ఎన్నిసార్లు వంచినా తిరిగి వస్తుంది. హద్దు దాటి వంచితే కొంత వంపు పోయి అలాగే వుండిపోతుంది. ఏళ్ల తరబడి బరువులు మోసి అలసిన పట్టీలు, అప్పుడప్పుడు హద్దు మీరిన లోడు పడిన పట్టీలు ఇలాగే చదునవుతాయి. దాన్నే మనం కుంగిందంటాం.

ముందు కొలవాలి

కుంగుడు ఎంతో కంటితో చెప్పలేం. మిర్చి రైతు బండికి మేస్త్రీ చేసిన పరీక్ష ఏ ఊళ్లోనైనా, ఎవరైనా చేసుకోగలిగినదే.

బండిని ఖాళీ చేసి సమంగా వున్న నేల మీద నిలపాలి. టైర్లలో గాలి రెండు వైపులా సమానంగా వుందో లేదో మొదట చూడాలి. గాలి తగ్గిన టైరును చూసి కమాను కుంగిందని భ్రమపడేవారు లేకపోలేదు. తరువాత వెనక చక్రం నడిబొడ్డు నుంచి నిట్టనిలువుగా పైన తొట్టి అంచు దాకా టేపుతో కొలవాలి. ఎడమ, కుడి రెండూ కొలిచి రాసుకోవాలి.

రెండు వైపులా సమానంగా దిగిందంటే పట్టీలు అలసిపోయాయని అనుకోవచ్చు. ఒక వైపే దిగిందంటే ఆ పక్క ఏదో విరిగిందో, అరిగిందో, వదులైందో అని అనుమానించాలి. మన రోడ్లు నడుమ ఎత్తుగా, అంచులకు పల్లంగా వుంటాయి. ఎడమ పక్కన నడిచే బండికి ఎడమ చక్రాల మీద కొంత బరువు ఎక్కువ పడుతుంది. అందువల్ల పాత బళ్లలో ఎడమ పక్క ఒక పిసరు దిగి వుండడం వింత కాదు. తేడా అంగుళం దాటితే మాత్రం తేలికగా తీసుకోరాదు.

ఈ రైతు బండికి కుడి పక్క 18 అంగుళాలు వచ్చింది. ఎడమ పక్క పదిహేనున్నరే.

"ఇది ఒట్టి అలసట కాదు బాబాయ్" అని మేస్త్రీ టార్చిలైటు తీసుకుని బండి కిందికి దూరాడు. కట్టకు పట్టిన మట్టిని, తుప్పును వైరు బ్రష్షుతో గీకాడు. మూడో పట్టీ మీద, యు-బోల్టు అంచున, వెంట్రుక లాంటి ఎర్రని తుప్పు గీత కనిపించింది. ఉలితో కాస్త కదిపేసరికి పట్టీ రెండు ముక్కలుగా జరిగింది. ఎప్పుడో విరిగి, పై పట్టీకీ కింది పట్టీకీ నడుమ ఇరుక్కుని అలాగే వుండిపోయింది. యు-బోల్టు నట్టు స్పానరు పెట్టగానే అర చుట్టు తిరిగింది.

రైతు అడిగినట్టే పట్టీ వేసి పంపితే బండి ఎత్తు సరిపోయేది. విరిగిన పట్టీ మాత్రం లోపలే వుండేది.

యు-బోల్టు వదులైతే వచ్చే ముప్పు

పట్టీలు ఎక్కువగా విరిగేది నడుమ బోల్టు రంధ్రం దగ్గర, లేదా యు-బోల్టు అంచున. యు-బోల్టులు గట్టిగా వున్నంతకాలం నడుమ భాగం వంగదు. అవి వదులైతే కట్ట నడుమ భాగం కూడా వంగడం మొదలు పెడుతుంది. రంధ్రం వున్నచోట ఉక్కు తక్కువ కాబట్టి పట్టీ అక్కడ విరుగుతుంది. ఇరుసు ముందుకూ వెనక్కూ కొట్టుకుని చివరకు నడుమ బోల్టు తెగుతుంది.

నడుమ బోల్టు తెగిందంటే ఇరుసుకు కట్ట మీద పట్టు వుండదు. ఒక పక్క చక్రం వెనక్కి జరుగుతుంది. అప్పుడు బండి పీతలా ఏటవాలుగా పరుగెడుతుంది. మన బండిని వెనక నుంచి చూసిన మరో డ్రైవరు "నీ బండి వంకరగా పోతోంది" అన్నాడంటే అక్కడే ఆపి కిందికి వంగి చూడాలి. లోడుతో వున్న బండికి వేగంలో ఇరుసు జరిగితే తరువాత జరిగేదాన్ని ఎవరూ ఆపలేరు.

బుష్‌లు, పిన్నులు, షాకిల్ కూడా చూడాలి. బుష్ అరిగిపోతే పిన్ను రంధ్రంలో కొట్టుకుని టకటకమని చప్పుడు చేస్తుంది. చాసిస్‌కు కట్టను బిగించిన బ్రాకెట్ల చుట్టూ పగుళ్లు వున్నాయేమో గమనించాలి. చాసిస్సే వంగిపోయిన బండికి ఎన్ని పట్టీలు వేసినా వెన్ను నిలబడదు.

షాక్ అబ్జార్బర్లు మారిస్తే కుంగుడు పోతుందనుకోవడం మరో పొరపాటు. పికప్‌లకు వుండే మామూలు షాక్ అబ్జార్బరు బండి బరువు మోయదు. ఊగుతున్న కమానును త్వరగా ఆపడమే దాని పని. నూనె కారుతుంటే దాన్ని మార్చవలసిందే. మార్చినందువల్ల బండి మాత్రం అంగుళం కూడా లేవదు.

మందు ఎన్ని రకాలు?

రోగం తేలిన తరువాత మందు మాట. బజారులో నాలుగు రకాలు దొరుకుతాయి.

మొదటిది, పాత పట్టీలకే దెబ్బ కొట్టి వంపు తేవడం. చల్లని ఉక్కును దిమ్మె మీద పెట్టి సమ్మెటతోనో, ప్రెస్‌తోనో కొద్దికొద్దిగా వంచుతారు. ఖర్చు తక్కువ, పని తొందరగా అవుతుంది. పగుళ్లు లేని పట్టీలకు ఇది కొంతకాలం పనిచేస్తుంది. అయితే అలసిన ఉక్కు అలసిన ఉక్కే. లోడు పడుతూ వుంటే మళ్లీ చదునవుతుంది.

కొందరు పట్టీలను కొలిమిలో ఎర్రగా కాల్చి వంచి, గాలికి వదిలేస్తారు. ఇది చెరుపు. కమాను ఉక్కుకు బలం ఇచ్చేది దాని పదును. తయారీలో ఈ ఉక్కును సుమారు 850 డిగ్రీల సెంటిగ్రేడుకు కాల్చి, వంచి, నూనెలో ముంచి గట్టిపరుస్తారు. తరువాత మళ్లీ 400 నుంచి 500 డిగ్రీల మధ్య కాచి పెళుసుతనం తీస్తారు. ఈ రెండో కాపు లేకపోతే పట్టీ గాజులా విరుగుతుంది. అసలు ముంచకుండా వదిలేస్తే సీసంలా వంగిపోతుంది. కొడవలికి పదును ఎక్కడ పోతుందో తెలిసిన కమ్మరికి ఈ మాట విడమరచి చెప్పనక్కర లేదు. కాల్చి వంచేచోట నూనె తొట్టి, వేడి కొలిచే ఏర్పాటు వున్నాయా అని అడిగి తెలుసుకోవడం రైతు హక్కు.

రెండవది, అదనపు పట్టీ. ఇక్కడ ఒక లెక్క తెలియాలి. పట్టీ బిర్రు దాని మందం మీద ఆధారపడుతుంది. ఆ ఆధారం మామూలుది కాదు. మందం రెట్టింపైతే బిర్రు ఎనిమిది రెట్లవుతుంది. 8 మిల్లీమీటర్ల పట్టీల కట్టలో 10 మిల్లీమీటర్ల పట్టీ ఒకటి వేస్తే అది దాదాపు రెండు పాత పట్టీలకు సమానం. "ఒక్క పట్టీయే కదా" అనుకుని మందపాటిది వేయిస్తే ఖాళీ బండి రాయిలా బిగుసుకుపోతుంది. గతుకుల మీద వెనక చక్రాలు ఎగిరిపడతాయి. వాన రోజున బ్రేకు వేస్తే ఎగిరే చక్రానికి రోడ్డు మీద పట్టు వుండదు. అరటి గెలలు, టమాటాలు తోలేవాళ్లకు దారిలోనే సరుకు నలుగుతుంది.

మూడవది, సహాయక పట్టీలు లేదా రబ్బరు దిమ్మెలు. ఇవి ఖాళీ బండిలో పనిచేయవు. లోడు పడి బండి కొంత దిగిన తరువాతనే ఆనుకుని బరువు పంచుకుంటాయి. మంచి కట్ట వున్న బండికి ఇవి తోడుగా పనికి వస్తాయి. విరిగిన కట్టకు ఇవి కర్ర ఊత వంటివే.

నాలుగవది, కొత్త కట్ట. కంపెనీ ఆ మోడలుకు చెప్పిన పట్టీల సంఖ్య, మందం, వంపు వున్న కట్టలను రెండు వైపులా ఒకేసారి మార్చడం. ఒక పక్కే మారిస్తే కొత్తది ఎత్తు, పాతది పల్లం అయి బండి పక్కకు ఒరుగుతుంది. బుష్‌లు, నడుమ బోల్టు, యు-బోల్టులు కూడా కొత్తవే వేయాలి. ఒకసారి సాగదీసి బిగించిన యు-బోల్టు రెండోసారి అదే పట్టు ఇవ్వదు. చేతి నుంచి పడే డబ్బు ఎక్కువే అయినా ఏళ్ల తరబడి నిలిచే వైద్యం ఇదే.

చేయరాని వైద్యాలు కూడా వున్నాయి. విరిగిన పట్టీకి వెల్డింగు పెట్టించరాదు. వెల్డింగు వేడికి అతుకు పక్కన ఉక్కు పెళుసుబారి, అక్కడే మళ్లీ విరుగుతుంది. ఇరుసుకూ కట్టకూ నడుమ చెక్క దిమ్మె పెట్టి ఎత్తు పెంచడం ప్రాణాంతకం. చెక్క నలిగితే యు-బోల్టు వదులవుతుంది. కట్టల మీద పాత ఇంజనాయిల్ పోయడం పల్లెల్లో మామూలు. ఆ నూనెకు రబ్బరు బుష్‌లు ఉబ్బి చెడిపోతాయి, దుమ్ము పట్టి పట్టీల నడుమ ఆకురాయిలా అరగదీస్తుంది. కట్ట విప్పినప్పుడు తుప్పు గీకి, పట్టీల నడుమ గ్రాఫైట్ గ్రీజు పూయడం మేలు.

బిగింపులో మెలకువలు

కట్ట విప్పే పని ఊళ్లో చేయించేవారు జాగ్రత్త పడాలి. ముందు చక్రాలకు అడ్డు పెట్టాలి. చాసిస్‌ను జాకీతో ఎత్తి, ఇనుప స్టాండ్ల మీద నిలపాలి. ఇటుకలు, రాళ్లు పేర్చి కిందికి దూరరాదు. ఇటుక బరువుకు ఒక్కసారిగా పగులుతుంది. ఇరుసు కింద మరో జాకీ వుండాలి. నడుమ బోల్టు విప్పే ముందు కట్టను వైస్‌లోనో, బిగింపు క్లాంపులతోనో పట్టి వుంచాలి. వంపులో అదిమి వుంచిన పట్టీలు బోల్టు వదలగానే ఎగిరి ముఖం మీద కొడతాయి.

బిగించేటప్పుడు నడుమ బోల్టు తల ఇరుసు మీది గుంటలో సరిగా కూర్చోవాలి. యు-బోల్టు నట్లను ఒకే దాన్ని చివరిదాకా బిగించకుండా, ఎదురెదురుగా కొంచెం కొంచెం బిగిస్తూ రావాలి. రబ్బరు బుష్‌ల పిన్నులను బండి చక్రాల మీద నిలబడిన తరువాతే ఆఖరి బిగింపు బిగించాలి. గాలిలో వేలాడుతుండగా బిగిస్తే, కిందికి దించినప్పుడు రబ్బరు మెలిపడి తొందరగా చిరుగుతుంది.

ఎత్తు మారిన బండికి మరి మూడు పరీక్షలు వున్నాయి. ఒకటి, వెనక బ్రేకు గొట్టం లాగినట్టు బిగుసుకుపోయిందేమో చూడాలి. రెండు, హెడ్‌లైట్ల చూపు సరిచేయాలి. మూడవది ముఖ్యం. కొన్ని బళ్లలో ఇరుసుకూ చాసిస్‌కూ నడుమ ఒక కడ్డీ వుండి, లోడును బట్టి వెనక బ్రేకు బలాన్ని తగ్గించడం, పెంచడం చేస్తుంది. పట్టీలు ఎక్కువ వేసి బండిని లేపితే, నిండు లోడులో కూడా ఆ కడ్డీ "బండి ఖాళీగా వుంది" అనుకుని వెనక బ్రేకు తగ్గిస్తుంది. బరువు పెరిగి బ్రేకు తగ్గడం కన్నా ప్రమాదం మరొకటి వుండదు. ఆ కడ్డీని సరిచేయించకుండా బండి తీసుకుపోరాదు.

500 కిలోమీటర్లు తిరిగిన తరువాత యు-బోల్టులు మళ్లీ బిగించుకోవాలి. కొత్త పట్టీలు ఒకదానిపై ఒకటి కుదురుకునేసరికి నట్లు కొంత వదులవడం సహజం.

పట్టీ పెరిగితే మోత పెరగదు

రైతులు అదనపు పట్టీ అడగడానికి వెనక మరో ఆశ కూడా వుంటుంది. బండి లేస్తే ఇంకో నాలుగు బస్తాలు వేయవచ్చునని. ఇది నిజం కాదు. పట్టీ పెరిగినా ఇరుసు పాతదే, బేరింగులు పాతవే, టైర్లు, బ్రేకులు, చాసిస్ అన్నీ పాతవే. ఇంతకు ముందు బండి కుంగి "ఇక చాలు" అని చెప్పేది. పట్టీ వేసిన తరువాత ఆ మాట చెప్పేవారు వుండరు.

బండి ఎంత మోయవచ్చునో ఆర్.సి. పుస్తకంలోనే వుంటుంది. లోడుతో వుండదగిన మొత్తం బరువులో నుంచి ఖాళీ బరువు తీసివేస్తే మిగిలేదే మోత. ఉదాహరణకు మొత్తం బరువు 2,700 కిలోలు, ఖాళీ బరువు 1,500 కిలోలు అనుకుందాం. మిగిలింది 1,200. డ్రైవరు, పక్కనున్న మనిషి కలిసి 130 కిలోలు పోతే 1,070. బస్తా 75 కిలోల చొప్పున 14 బస్తాల వడ్లకే సరి. అదే బండిలో 20 బస్తాలు వేస్తే 430 కిలోలు హద్దు మీరినట్టు. అనుమానం వుంటే ఒకసారి వేబ్రిడ్జి కాటా ఎక్కిస్తే తెలిసిపోతుంది.

బరువు ఎంత అన్నదే కాదు, ఎక్కడ వేశామన్నదీ ముఖ్యమే. ఎద్దుబండిలో బరువంతా వెనక వేస్తే నొగలు పైకి లేచి కాడి ఎద్దుల మెడను వదులుతుంది. పికప్ కూడా అంతే. ముందు ఇరుసుకూ వెనక ఇరుసుకూ మధ్య మూడు మీటర్లు వున్న బండిలో, వెనక ఇరుసుకు ముప్పావు మీటరు వెనకగా 300 కిలోలు వేస్తే, వెనక ఇరుసు మీద పడేది 300 కాదు, 375. ఆ అదనపు 75 కిలోలు ముందు చక్రాల మీద నుంచి లేచిపోతాయి. స్టీరింగు తేలిపోతోందని డ్రైవర్లు అనేది ఇందుకే. బరువు సరుకును కేబిన్ వైపు, తేలిక సరుకును వెనక వైపు సర్దుకుంటే పైసా ఖర్చు లేకుండా కట్టల ఆయుష్షు పెరుగుతుంది.

చట్టం సంగతి కూడా చూడాలి. 2019 సవరణ తరువాత మోటారు వాహనాల చట్టం 194వ సెక్షన్ కింద అధిక లోడుకు 20,000 రూపాయల జరిమానా, పైన ప్రతి అదనపు టన్నుకు 2,000 రూపాయలు విధించవచ్చు. ఎక్కువైన సరుకు దింపించే ఖర్చు కూడా బండివారిదే. పట్టీలు పెంచినంత మాత్రాన ఆర్.సి.లో అంకె మారదు. ఎనిమిదేళ్లు దాటిన రవాణా వాహనానికి ఏటా ఫిట్‌నెస్ తీసుకోవలసి వుంటుంది కనుక, కట్టలు బాగుండడం ఎలాగూ తప్పనిసరి.

రెండు ట్రిప్పులైతేనేం!

ఆటోనగర్‌లో మిర్చి రైతు విరిగిన ముక్కను చేతిలో పట్టుకుని కాసేపు అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఈ ఒక్క పట్టీ మార్చి, మిగతావాటికి దెబ్బ కొడితే కాదా?" అని అడిగాడు.

"కొట్టమంటే కొడతాను బాబాయ్. మెయిన్ పట్టీ కూడా చదునైపోయింది. ఈ కాయ సీజన్ గడుస్తుందేమో గానీ వచ్చే సీజన్‌కు మళ్లీ ఇక్కడికే వస్తావు. మధ్యలో ఏ వంతెన మీదనో తెగితే నా దగ్గరికి రావడం కూడా వుండదు" అన్నాడు మేస్త్రీ.

రైతు ఇంటికి ఫోను చేసి మాట్లాడాడు. రేపటి యార్డు సరుకుకు పక్క ఊరి బండిని కిరాయికి పిలవమన్నాడు. రెండు వైపులా కొత్త కట్టలు, కంపెనీ లెక్క ప్రకారమే, ఒక్క పట్టీ కూడా ఎక్కువ వద్దన్నాడు. కాయ ఎక్కువైతే రెండు ట్రిప్పులు వేసుకుంటానన్నాడు.

సాయంత్రానికి పని పూర్తయింది. మేస్త్రీ మళ్లీ టేపు పట్టాడు. కుడి పక్క, ఎడమ పక్క రెండూ పంతొమ్మిదిన్నర అంగుళాలు. హెడ్‌లైట్లు గోడ మీదికి వేసి చూపు దించాడు. "ఐదు వందల కిలోమీటర్లు తిరిగాక ఒకసారి రా బాబాయ్, నట్లు బిగిస్తాను. దానికి కూలి వద్దు" అన్నాడు.

విప్పిన పాత పట్టీలను తుక్కు కింద ఇవ్వనని రైతు తొట్టిలో వేయించుకున్నాడు. ఊళ్లో కమ్మరికి ఇస్తే ఆ ఉక్కుతో కొడవళ్లు, గొడ్డళ్లు మంచివి వస్తాయి. బండి కింద పని అయిపోయిన పట్టీకి పొలంలో పని ఇంకా మిగిలే వుంది.